బొమ్మ ఒక దారి, మాట ఒక దారి

స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుని నేను బయటపడ్డాక, మా కేంద్రంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు తార్నాకలో మా ఇంటికొచ్చారు. "మేడం, ముందు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. సాఫ్ట్‌వేర్లు మీ చేతుల్లో పుట్టి మీ చేతుల్లోనే పోతాయి. నేను చేరిన కొత్తలో వాడినవాటి పేర్లు చెబితే ఇవాళ ఏవో మందుల పేర్లనుకుంటారు. పిల్లలకి టీ ఇచ్చి పంపించాను గానీ జవాబు చెప్పలేదు. ఇదీ ఆ జవాబు.

ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయి, ఎవరు అడ్డుపడ్డారు అనేవి ఇందులో ఉండవు. అడ్డుపడినవాళ్ళకి చెప్పాల్సింది అప్పుడే మొహాన చెప్పాను, బాకీ ఏమీ లేదు.

పని అసలు ఏమిటి

మా నాన్న కర్నూలు నుంచి యూనివర్సిటీ ఉద్యోగానికి వచ్చారు. నేను అదే క్యాంపస్‌లో చదువుకుని, అదే క్యాంపస్‌లో పాఠాలు రికార్డు చేసే కేంద్రంలో ఎడిటర్‌గా చేరాను. జనం మమ్మల్ని "వీడియో వాళ్ళు" అంటారు. పెళ్ళిళ్ళకి వస్తారా అని అడిగిన ప్రొఫెసర్లు కూడా ఉన్నారు.

బొమ్మని కెమెరా పట్టుకుంటుంది, మాటని మైకు పట్టుకుంటుంది. పుట్టుకతోనే అవి రెండూ వేరు. పక్కపక్కన పెట్టి, పెదవి కదలికకి మాట సరిపోయేదాకా అటూ ఇటూ జరపడం నా పని. తర్వాత వాటిని చూసేవాళ్ళ ఫోనులో పట్టేంత చిన్నవిగా నొక్కాలి. ఈ నొక్కడాన్నే ఎన్‌కోడింగ్ అంటున్నాం. బొమ్మనీ మాటనీ ఒకే మూటగా కట్టి నొక్కేయొచ్చు. లేదంటే బొమ్మని వేరుగా, మాటని వేరుగా నొక్కి పంపి, రెంటినీ కలుపుకునే బాధ చూసేవాడి ఫోనుకే వదిలేయొచ్చు.

ఇంతే విషయం. దీని మీద నేనూ, సౌండు చూసే యాదగిరీ మా ఉద్యోగకాలమంతా కొట్లాడుకున్నాం.

యాదగిరిది లాలాగూడ. తండ్రి రైల్వే వర్క్‌షాపులో చేసేవాడు. "సైరన్ పక్కన పెరిగినోడివి, నీకు చెవులెలా మిగిలాయయ్యా?" అంటే "గందుకే మేడం, నిశ్శబ్దం రేటెంతో నాకే ఎరుక" అనేవాడు. అతని లెక్కలో మాటే పాఠం. "బొమ్మ లేకున్నా పాఠం ఉంటది. మాట లేకుంటే ఏముంటది? సారు చేతులూపుడు ఉంటది." నేను ఊరుకుంటానా? "రేడియోలో చేరాల్సినవాడివి, బస్సు తప్పి ఇక్కడ దిగావు" అనేదాన్ని.

మా దగ్గర ఒక ఆచారం ఉండేది. పాఠం మొదలుపెట్టే ముందు ప్రొఫెసర్ కెమెరా ఎదురుగా ఒక్కసారి చప్పట్లు కొట్టాలి. అరచేతులు కలిసిన బొమ్మనీ, టప్పుమన్న చప్పుడునీ ఒకచోటికి తెస్తే, ఆ తర్వాతి గంటంతా దానంతటదే సరిపోతుంది. ఒకసారి చరిత్ర శాఖ పెద్దాయన కోపగించుకున్నారు. "పాఠం అయ్యాక మీరు కొట్టాల్సిన చప్పట్లు, మొదట్లోనే నన్ను కొట్టుకోమంటారేమిటయ్యా?" అన్నారు. యాదగిరి మైకు సర్దుతూ తలెత్తకుండా, "అడ్వాన్స్ అనుకోండ్రి సార్" అన్నాడు. ఆయన నవ్వి కొట్టారు. చరిత్ర శాఖలో ఎవరైనా నవ్వగా నేను చూసింది అదే.

మూర్తిగారి కొలబద్ద

డైరెక్టర్లు చాలామంది వచ్చారు, పోయారు. చెప్పుకోవాల్సినవారు మూర్తిగారు. గుంటూరు వైపు మనిషి. లంచం ముట్టలేదు, ఎవరి మీదా గొంతు పెంచలేదు, అటెండర్ కూతురి పెళ్ళికి సీతాఫల్‌మండి దాకా నడిచి వెళ్ళారు. ఇవన్నీ చెప్పాకే అసలు సంగతి చెబుతున్నాను. ఆయన దగ్గర ఒక్కటే కొలబద్ద ఉండేది: ఎవరైనా కంప్లైంట్ చేశారా?

రంగు పచ్చబారిందంటే, "కంప్లైంట్ వచ్చిందా అమ్మా?" మైకులో గుయ్‌మంటోందంటే, "ఎవరైనా రాశారా?" రాయలేదంటే బాగున్నట్టే. "బండి నడుస్తూ ఉంటే బానెట్ ఎందుకెత్తుతావమ్మా?" అనేవారు. "బండిలో కూర్చునేది మనం కాదు కదా సార్, కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది కుదుపు" అంటే, నవ్వి ఫైలు తిప్పేవారు.

మంచివాళ్ళతో వచ్చే చిక్కే ఇది. చెడ్డవాడైతే మీరు నిద్రపోకుండా కాపలా కాస్తారు.

ఇళ్ళలో కూర్చున్న ఏడాది

క్యాంపస్‌కి కరోనా తాళం పడింది. చదువంతా మా నెత్తిన పడింది. ప్రొఫెసర్లు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఖాళీ స్టూడియోలో గోడకి పాఠం చెప్పి వెళ్ళేవారు. మేం బొమ్మకి మాట కుట్టి, నొక్కి, యూనివర్సిటీ సైట్లో పెట్టేవాళ్ళం.

నా పద్ధతిలోనే, బొమ్మా మాటా ఒకే మూటగా వెళ్ళాయి. కొద్దిరోజులకే ఊళ్ళ నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఆదిలాబాద్ వైపు కుర్రాడు ఒకడు సిగ్నల్ కోసం నీళ్ళ ట్యాంకు ఎక్కి పాఠం చూసేవాడు. "బొమ్మ ఆగుతున్నది మేడం. బొమ్మతోటి మాట గూడ ఆగుతున్నది. గుండ్రంగ తిరుగుడే చూస్తున్న" అన్నాడు.

యాదగిరి ఇక ఆగలేదు. "చూసిండ్రా? రెండిటి కాళ్ళు కలిపి కడితే రెండూ పడ్డయి. విడగొడదాం మేడం. బొమ్మ బరువు, ఆగితే ఆగనీ. మాట తేలిక, అది పోతనే ఉంటది. పోరడు పాఠమన్న వింటడు గద."

"బొమ్మ వెనకబడుతుంది. నీ మాట ముందు పరిగెత్తుతుంది. చవక ఫోన్లు రెంటినీ కలపలేవు" అన్నాను.

"ఎంత వెనక? రెప్ప కొట్టినంత. గా రెప్ప కొరకు పోరణ్ణి ట్యాంకు మీద కూసోబెడ్తరా?"

మూర్తిగారు ఫోన్లో మా ఇద్దరి గొడవా విని యాదగిరి వైపు తీర్పు చెప్పారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ తీర్పు వల్ల చాలామంది బాగుపడ్డారు. ఊళ్ళ నుంచి ఫోన్లు రావడం ఆగిపోయింది. ట్యాంకు కుర్రాడు దిగొచ్చి ఇంట్లోనే విన్నాడు. ఆటో నడుపుతూ విన్నవాళ్ళున్నారు, పొలంలో విన్నవాళ్ళున్నారు. ఎంతమంది విన్నా బొమ్మ వెనకబడ్డం అబద్ధమైపోదు. నా పాత ఫోనులోనే చూశాను. పెదవి మూసుకునేసరికి మాట వెళ్ళిపోయి ఉంటోంది. పాఠం సాగేకొద్దీ ఆ ఎడం ఇంకాస్త పెరుగుతోంది.

మూర్తిగారికి చెప్పాను. మీకు తెలుసు ఆయనేమన్నారో.

"ఎవరూ చెయ్యలేదు సార్" అన్నాను.

"అయితే నీ కంటికే కనిపిస్తోందమ్మా. ఎడిటర్ కళ్ళు అంతే, అన్నంలో రాళ్ళే కనిపిస్తాయి."

మళ్ళీ వాదించాను, మళ్ళీ రాశాను, మళ్ళీ ఫోను పెట్టేశారు. అప్పటికి నా వాదం పద్ధతి కోసమే, దాని వెనక ఒక మనిషి ఉందని నాకూ తెలియదు.

సంతకం కోసం వచ్చిన అమ్మాయి

క్యాంపస్ తెరిచారు. మాస్కులు ఇంకా పోలేదు. చదువు మానేసి వెళ్ళేవాళ్ళు ప్రతి శాఖకీ తిరిగి, ఇక్కడ మాకు బాకీ లేదు అని సంతకాలు పెట్టించుకోవాలి. ఒకప్పుడు మేం క్యాసెట్లు అరువిచ్చేవాళ్ళం కాబట్టి, ఆ వరసలో మా కేంద్రం కూడా ఉండేది. క్యాసెట్లు పోయాయి, సంతకం మిగిలింది.

అలా వచ్చింది మమత. ఎంఏ ఎకనామిక్స్. గోల్నాక నుంచి వస్తుంది. "మేడం, నో డ్యూస్" అంది. మాట బరువుగా, చివర్లు మింగేసినట్టుగా ఉంది. చెవి వెనక మిషను కనిపించింది. ఎందుకు మానేస్తున్నావని అడిగాను. తలెత్తలేదు. తన ఫోను తీసి నా ముందు పెట్టింది, టైపు చెయ్యమని.

టైపు చేశాను.

"నా చెవులు మొత్తం పోయినయి మేడం" అంది. సిటీ బస్సు నంబరు చెప్పినట్టు చెప్పింది. "చిన్నప్పటి సంది కొద్దిగ వినొస్తుండె. మిషను పెట్టుకుని, సార్ల నోరు చూసుకుంట, మొదటి బెంచిల కూసుంటే క్లాసు సమజయ్యేది. డిగ్రీ అట్లనే పాసైన. ఇంట్ల ఉన్నప్పుడు గది గూడ పోయింది."

పోయిందని ఎలా తెలిసిందని టైపు చేశాను.

"మన పాఠాలు చూసిన గద మేడం. రోజు చూసిన. మల్ల మల్ల చూసిన. ఒక్క ముక్క సమజ్ కాలే."

నా పాత ఫోనులో చూసిన ఆ ఎడం గుర్తొచ్చింది.

కొత్తగా చేరేవాళ్ళు ఇక్కడ నెమ్మదిగా చదవండి. 'ప' అన్నా 'మ' అన్నా పెదవులు ఒకేలా మూసుకుంటాయి. చూసి తేడా చెప్పలేం. కొద్దిగా వినిపించేవాళ్ళకి ఆ తేడా చెప్పేది వాళ్ళ చెవిలో మిగిలిన ఆ కొంచెమే. కన్ను సగం ఇస్తుంది, చెవి సగం ఇస్తుంది, రెండూ ఒకే క్షణంలో అందితే మాటవుతుంది. రెప్ప కొట్టినంత ఎడం వస్తే కన్ను ఒకటి చెబుతుంది, చెవి ఇంకొకటి చెబుతుంది. మనలాంటివాళ్ళం చెవిని నమ్మి కంటిని వదిలేస్తాం. మమతకి రెంటిలో ఏదీ వదులుకునే వీల్లేదు.

"ఇంట్లో వాళ్ళ మాటలు?" అని టైపు చేశాను.

"ఇంట్ల మాటలు ఏముంటయి మేడం? తిన్నవా, పన్నవా, ఫోను పెట్టు. అవి చెవులు లేకున్నా సమజైతయి." కొంచెం ఆగింది. "బయట అందరికీ మాస్కులే. ఎవరి నోరు కనిపించలే. ఇంక పోయినయనుకున్న. నాన్నకి చెప్పిన. ఆయన ఫోన్లనే రాస్తడు ఇప్పుడు."

"డాక్టర్?"

"పోలే. ఆయన గూడ అదే చెప్తడని భయమైంది."

ఫోను పక్కన పెట్టాను. చెయ్యి పట్టుకుని ఎడిటింగ్ బల్ల దగ్గరికి తీసుకెళ్ళాను. లలిత మేడం చెప్పిన ఎకనామిక్స్ పాఠం, నొక్కకముందు నేను కుట్టి పెట్టుకున్న అసలు కాపీ తీశాను. బొమ్మా మాటా ఒకటిగా ఉన్నది. స్పీకరు ఆమె వైపు తిప్పాను. ఆమె తెర వైపు చూడలేదు. ఏడాదిగా చూసి చూసి విసిగిన మనిషి ఎందుకు చూస్తుంది? తెర మీద వేలితో కొట్టాను, చూడు అని.

చూసింది. లలిత మేడం ధరల గురించి చెబుతున్నారు. కాసేపటికి మమత పెదవులు ఆవిడ పెదవులతో కలిసి కదిలాయి. తర్వాత గొంతు వచ్చింది. "ధర పెరిగితే... డిమాండ్ తగ్గుతుంది." ఇంకో వాక్యం. ఇంకోటి. కుర్చీలో ముందుకి జరిగి, మిషను మీద చెయ్యి పెట్టుకుంది, అది తన చెవి వెనకే ఉందా అన్నట్టు.

"ఇది వేరే పాఠమా మేడం?"

నా మాస్కు కిందికి లాగి, ఎదురుగా కూర్చుని చెప్పాను. "అదే పాఠం. నీ చెవులు ఎక్కడికీ పోలేదు తల్లీ. పాఠం నీకు పంపిన పద్ధతి తప్పు."

నా నోటి వంక చూసింది. అర్థమైంది. ఏడుస్తుందనుకున్నాను, నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"అయితే గిన్ని రోజులు నేను ఊకెనే..." అంది. వాక్యం పూర్తి చెయ్యలేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సంతకం పెట్టించుకోకుండానే వెళ్ళిపోయింది.

ముగ్గురి మాటలు

యాదగిరికి చెప్పాను. కేబుళ్ళ పెట్టె మీద కూర్చుండిపోయాడు.

"నేను మంచికే చెప్పిన గద మేడం."

"మంచికే చెప్పావు."

"ట్యాంకెక్కిన పోరడు పాసయిండు."

"పాసయ్యాడు."

"మరి?"

ఇన్నేళ్ళ మా కొట్లాటలో నాదే గెలుపని తేలిన రోజు అది. అలాంటి గెలుపు మీకెవరికీ రాకూడదు.

మూర్తిగారి గదికి ఇద్దరం వెళ్ళాం. ప్రతి పాఠాన్నీ రెండు రకాలుగా పెట్టాలి, విడగొట్టింది ఒకటి, కలిపి కట్టింది ఒకటి, ఏది కావాలో చూసేవాళ్ళే ఎంచుకోవాలి అని చెప్పాను.

"ఒక్క అమ్మాయి కోసం ఇదంతానా?"

"మనకి తెలిసింది ఒక్క అమ్మాయి సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ అమ్మాయి కంప్లైంట్ ఎందుకు చెయ్యలేదమ్మా?" అన్నారు. వెటకారం లేదు. నిజంగానే అర్థం కాక అడిగారు.

"ఎవరి మీద చేస్తుంది సార్? తన చెవుల మీదా?"

అప్పటికప్పుడు ఒప్పుకున్నారు. మొన్న మా ఇంటికొచ్చిన పిల్లలు వెళ్ళేముందు, "సర్వర్లో ప్రతి పాఠం రెండేసి ఉంది మేడం, డూప్లికేట్లు తీసేస్తే బోలెడు జాగా వస్తుంది" అన్నారు. అవి డూప్లికేట్లు కావు. వాటి జోలికి పోకండి. ఇంకో మాట కూడా చెబుతున్నాను. తప్పు ఎదుటివాడిదని తెలిసినవాడే కంప్లైంట్ చేస్తాడు. తప్పు తనదే అనుకున్నవాడు నిశ్శబ్దంగా సంతకం కోసం వస్తాడు. కంప్లైంట్లు లెక్కపెడితే వాడు మీకెప్పటికీ కనిపించడు.

గోల్నాకలో

పరీక్షలు రాయలేదని మమత పేరు అప్పటికే కొట్టేశారు. పరిపాలన భవనంలో నేను అరవని గది లేదు. కరుణతో ఎలా చేర్చుకోవాలో రూల్సులో లేదన్నారు, మళ్ళీ ఎంట్రన్స్ రాయాలన్నారు. ఆ మాట చెప్పి, ఎలాగైనా ఒప్పించాలని యాదగిరి బండి మీద గోల్నాక వెళ్ళాం. పాఠాలన్నీ కలిపి కట్టినవి తీసుకెళ్ళాను.

తండ్రి నర్సింగరావు స్కూలు వ్యాను నడుపుతాడు. "రండ్రి మేడం" అని కుర్చీలు వేశాడు. మమత మంచం మీద కూర్చుని ఉంది. నర్సింగరావు ఆమె వైపు తిరిగి, ఫోను తీసి టకటకా టైపు చేశాడు. ఆమె ఫోను ఒళ్ళో వణికింది. చదువుకుని, లేచి మాకు నీళ్ళు తెచ్చింది. ఇద్దరి మధ్యా చేయి చాచితే అందేంత దూరం.

"మీ అమ్మాయికి వినిపిస్తుంది" అన్నాను.

"చెప్పింది మేడం. కానీ నమ్మబుద్ధి అయితలేదు. అలవాటైపోయింది గిట్ల." మొహం పక్కకి తిప్పుకున్నాడు. "మొదట్ల పిలిస్తే పలకకపోతుండె. పిలిచి పిలిచి, ఇంక పిలుసుడు బంద్ చేసిన. పిలిచినప్పుడల్ల పాపం పిల్ల మొహం చిన్నగైతుండె."

యాదగిరి గుమ్మం బయటికెళ్ళి నిలబడ్డాడు.

నేను మమత ఎదురుగా కూర్చుని, ఎంట్రన్స్ సంగతి నోటితో చెప్పాను. మళ్ళీ రాయి, పాఠాలన్నీ నీ కోసం సరిచేసి తెచ్చాను, మొదటి బెంచీ నీదే, ఎవడు అడ్డొస్తాడో నేను చూస్తాను అన్నాను. నా మాటలన్నీ శ్రద్ధగా చూసింది.

"రాస్త మేడం, తర్వాత" అంది. "ముందుగాల చదువు కాదు." తండ్రి వైపు చూసింది. "నాన్న గొంతు ఎట్లుంటుండెనో యాదికొస్తలేదు."

అతను వినలేదేమో అనుకున్నాను. విన్నాడు. తువ్వాలుతో మొహం తుడుచుకుని వచ్చి, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. వెలుగు అతని మొహం మీద పడేలా నేను కిటికీ రెక్క తెరిచాను. మమత మిషను సరిచేసుకుని ముందుకి వంగింది. అతను నోరు తెరిచాడు. పెదవులు కలిశాయి, విడిపోయాయి, మళ్ళీ కలిశాయి. మాట రాలేదు. ఏం చెయ్యాలో తోచక, అలవాటు చొప్పున అతని బొటనవేలు ఫోను మీద కదిలింది.

మమత ఒళ్ళో ఫోను వణికింది. ఆమె దాని వైపు చూడలేదు. అతని నోటి వంకే చూస్తూ కూర్చుంది.